రజిని ఏ జైల్లో ఉంది

"మీ అమ్మాయి మా ఇంట్లో ఉందని ఎవరు చెప్పారమ్మా మీకు?"

ఫోన్లో ఛాయాదేవి గారు అడిగిన ఆ మాట విని నేను కాఫీ కప్పు కింద పెట్టేశాను. అవతల ఒంగోలు నుంచి రజిని తల్లి మాట్లాడుతోంది. శుక్రవారం నుంచి కూతురు ఫోన్ ఎత్తడం లేదట. అల్లుడు అనుదీప్‌ని అడిగితే, "డాక్టరు ఆంటీ వాళ్లింట్లో ఉంది, అక్కడ సిగ్నల్ సరిగ్గా రాదు" అన్నాడట. ముందురోజే అదే అనుదీప్, "రజిని న్యూజెర్సీలో ఫ్రెండ్ దగ్గరికి వెళ్లింది ఆంటీ" అని ఛాయాదేవి గారికి చెప్పాడు.

ఆవిడ ఫోన్ పెట్టేసి నా వైపు చూశారు. "వసుమతీ, కారు తియ్యి" అన్నారు. నేను తీశాను. ఛాయాదేవి గారు ఆ గొంతుతో ఏదైనా చెప్తే డెట్రాయిట్ పక్కనున్న మా ట్రాయ్‌లో ఎవరూ ఎందుకని అడగరు.

ఆవిడ పిల్లల డాక్టరు. బాపట్లలో పుట్టి, గుంటూరులో చదివి, డెబ్బైల మొదట్లో డెట్రాయిట్ వచ్చారు. మా ఊళ్లో సగంమంది తెలుగు పిల్లలకి మొదటి టీకా ఆవిడే వేశారు. భర్త పోయారు, కూతురు కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఉంటుంది. రిటైరయ్యాక పెరట్లో గోంగూర, చిక్కుడు వేసుకుని ఉండేవారు. కోపం ఎక్కువ. జ్వరంతో ఉన్న పిల్లని పార్టీకి తీసుకొచ్చిన తల్లిని అందరి ముందూ కడిగిపారేసేవారు. దాంతో కొందరు ఆవిణ్ణి పిలవడం మానేశారు. ఆవిడ మాత్రం ఆ సంగతి పట్టించుకోలేదు.

రజిని ఆ పెరట్లోకి అలవాటుగా వచ్చేది. పెళ్లయి వచ్చి రెండేళ్లు. డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయడానికి లేదు. డ్రైవింగ్ రాదు, భర్త నేర్పలేదు. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది కానీ అమెరికన్లు మాట్లాడితే సగం పోతుంది. శనివారం శనివారం అనుదీప్ దింపి వెళ్తే, సాయంత్రం దాకా మొక్కలతోనే ఉండేది. పెద్దగా మాట్లాడేది కాదు. ఎండాకాలంలో కూడా నిండుచేతుల చొక్కాలు వేసుకునేది. అదేమిటని ఛాయాదేవి గారు ఒకసారి అడిగితే, "ఎండకి నల్లబడతాను ఆంటీ" అని నవ్వింది.

ఇదంతా 2011 అక్టోబరులో. అనుదీప్ వాళ్ల అపార్ట్‌మెంట్ పక్క ఊళ్లో, దాని పేరు ఇక్కడ చెప్పను. మేం వెళ్లేసరికి తలుపు వేసి ఉంది. కింద పోర్షన్లో ఉండే ముసలావిడ బయటికొచ్చి మమ్మల్ని చూసి ఆగింది.

"ఆ అమ్మాయి కోసమా? శుక్రవారం సాయంత్రం పోలీసులు తీసుకెళ్లారుగా. బేడీలు వేసి. మీకు తెలుసనుకున్నాను" అంది.

ఛాయాదేవి గారు కారులోకి వచ్చి కూర్చుని, అనుదీప్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు.

"రజిని ఎక్కడ?"

"చెప్పాను కదా ఆంటీ, న్యూజెర్సీ..."

"పోలీసులు న్యూజెర్సీ తీసుకెళ్లారా?"

అతని గొంతు మారింది. "ఆంటీ, షి అటాక్డ్ మీ. నా చెయ్యి కొరికింది. రక్తం వచ్చింది. నేనే 911కి కాల్ చేసి పోలీసుల్ని పిలిచాను. ఇప్పుడు ఇది లీగల్ మ్యాటర్. నేను మాట్లాడకూడదు."

"ఏ జైల్లో ఉంది?"

"నాకు తెలీదు."

"పెళ్లాన్ని ఎక్కడ పెట్టారో తెలుసుకోవాలని కూడా అనిపించలేదట్రా నీకు?"

అతను ఫోన్ పెట్టేశాడు.

మేం ఆ ఊరి పోలీస్ స్టేషన్‌కి వెళ్లాం. అద్దం వెనకాల ఉన్నతను మర్యాదగానే మాట్లాడాడు. వాళ్ల దగ్గర ఒక్క రాత్రి మించి ఎవర్నీ ఉంచరట, శనివారమే కౌంటీ జైలుకి, అంటే జిల్లా జైలుకి పంపారట. వివరాలన్నీ కౌంటీ వెబ్‌సైట్‌లో ఉంటాయి, ఎవరైనా చూసుకోవచ్చు, అరెస్టులు పబ్లిక్ రికార్డే అన్నాడు. ఇంటికి వచ్చి నా లాప్‌టాప్‌లో ఆ పేజీ తెరిచాను. మొదటి పేరు గడిలో రజిని, ఇంటిపేరు గడిలో అనుదీప్ ఇంటిపేరు కొట్టాను. ఎవరూ లేరు. పుట్టింటిపేరు కొట్టాను. లేరు. ఇంగ్లీషు అక్షరాలు మార్చి మార్చి కొట్టాను. లేరు. జైలుకే ఫోన్ చేస్తే, ఎత్తినామె కూడా అదే పేజీ చూసి అదే మాట చెప్పింది.

"మనిషిని లోపల పెట్టుకుని లేదంటారేమిటే!" అని ఛాయాదేవి గారు బల్ల మీద కొట్టారు.

చివరికి ఒంగోలుకి ఫోన్ చేసి తల్లిని పుట్టినతేదీ అడిగారు. ఎందుకో చెప్పలేదు, కంగారు పడొద్దని మాత్రం అన్నారు. మళ్లీ జైలుకి చేసి, "పేరు వదిలేయండి. ఈ పుట్టినతేదీతో శనివారం ఆ ఊరి స్టేషన్ నుంచి వచ్చిన ఆడవాళ్లని చూడండి" అన్నారు. అలా వెతకడం కుదరదంది అవతలామె. సూపర్‌వైజర్‌ని పిలవమన్నారు. లేడంది. వచ్చేదాకా లైన్లోనే ఉంటానన్నారు. ఉన్నారు కూడా. ఆ సూపర్‌వైజరు వచ్చి వెతికితే దొరికింది.

రజిని పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు విడదీయకుండా అంతా ఇంటిపేరు గడిలోనే రాసేశారు. అలాంటప్పుడు వీసా ఇచ్చేవాళ్లు మొదటి పేరున్న చోట ఎఫ్ఎన్‌యు అని వేస్తారు. మొదటి పేరు తెలియదు అని దానర్థం. మనవాళ్లలో చాలామందికి ఇది ఉంది, నవ్వుకుని వదిలేస్తాం. జైలు రికార్డులో అదే ఆ పిల్ల పేరైపోయింది. మొదటి గడిలో ఆ మూడక్షరాలు, ఇంటిపేరు గడిలో పేరంతా కొట్టగానే పేజీ వచ్చింది. కేసు: గృహహింస, దాడి. పక్కనే ఫొటో.

ఛాయాదేవి గారు కళ్లద్దాలు పెట్టుకుని తెర దగ్గరికి వంగారు. ఎడమ దవడ వాచి ఉంది. జుట్టు చెదిరింది. ఆవిడ ఫొటోలో మెడ దగ్గర వేలు పెట్టి చూపించారు.

"ఇవి చూశావా? ఇటు నాలుగు, అటు ఒకటి. వేళ్లు. వెధవ పీక పట్టుకున్నాడు."

ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పడేశారు.

"దీన్ని ఫొటో తీసినవాడున్నాడు, వేలిముద్ర తీసుకున్నవాడున్నాడు, తలుపేసినవాడున్నాడు. ఇంతమందిలో ఒక్కడికి కళ్లు లేవా వసుమతీ?"

మర్నాడు పొద్దున్నే బెయిల్ కట్టి తీసుకొచ్చాం. అంత సులువైన పని అది. జడ్జి శనివారమే వీడియోలో బెయిల్ ఇచ్చాడు. ఆ ఇంటికి వెళ్లకూడదు, భర్తతో మాట్లాడకూడదు, వేరే అడ్రసు చూపించాలన్నాడు. రజినికి వేరే అడ్రసు లేదు. ఫోన్ పోలీసులు తీసేసుకున్నారు. నోటికి వచ్చిన నంబరు భర్తదొక్కటే. జైలు ఫోన్ నుంచి దానికే చేసింది, మాట్లాడకూడదన్న సంగతి అర్థంకాక. అతను ఎత్తలేదు.

రజిని ఇంట్లో వేసుకునే చెప్పులతోనే బయటికొచ్చింది. కారు వెనక సీట్లో ఛాయాదేవి గారి పక్కన కూర్చుని చాలాసేపు కిటికీలోంచి చూసింది.

"నేను కొరికాను ఆంటీ. నిజమే" అంది ఉన్నట్టుండి. "ఊపిరాడలేదు. వదలమంటే వదల్లేదు. చెయ్యి నోటి దగ్గరికొచ్చింది, కొరికాను. పోలీసాయన 'నువ్వు కొరికావా?' అని అడిగాడు. ఎస్ అన్నాను. మిగతాదంతా మా ఆయనే చెప్పారు, ఇంగ్లీషులో. నాకు చెప్పడం రాలేదు."

ఛాయాదేవి గారు ఆ పిల్ల తల తన భుజం మీదికి లాక్కున్నారు. నేను రోడ్డు చూస్తూ డ్రైవ్ చేశాను. నాకు ఆ పోలీసాయన మీద, అనుదీప్ మీద, రెండేళ్లు ఆ పిల్లని ఇంట్లో కూర్చోబెట్టిన వీసా మీద, అన్నిటి మీదా ఒకేసారి కోపం వచ్చింది.

ఆ వారమే అనుదీప్ ఇంకో పని చేశాడు. ఆ జైలు పేజీ లింకు మా తెలుగు సంఘంలో తెలిసినవాళ్లందరికీ మెయిల్లో పంపాడు. "దయచేసి అందరూ నిజం తెలుసుకోండి, నేను బాధితుణ్ణి" అని. అప్పటికే ఎవరో నడిపే ఒక ప్రైవేటు సైటు ఆ ఫొటోని ఎత్తుకుని పెట్టుకుంది. ఇంటర్నెట్‌లో రజిని పేరు కొడితే మొదట అదే వచ్చేది. తీసేయాలంటే వాళ్లకే డబ్బు కట్టాలట.

ఆదివారం గుడి భోజనాల దగ్గర సంఘం పెద్ద కేశవరావు గారు మమ్మల్ని పక్కకి పిలిచారు. ఆయనా ఆవిడలాగే పాతకాలంలో వచ్చిన మనిషి, రిటైరైన ఇంజనీరు.

"డాక్టరు గారూ, మీరు పెద్దవారు. మొగుడూపెళ్లాల మధ్య మనం దూరడం ఏమిటండీ? పైగా జైలుకెళ్లిన పిల్ల. రేపు మీ పేరు కూడా కోర్టులో..."

"మీకు మెయిల్ వచ్చిందా?"

"వచ్చింది."

"ఫొటో చూశారా?"

"చూశానండీ. సిగ్గేసింది."

"తీయండి ఫోన్. తీయండి! ఇప్పుడు చూడండి. పెద్దది చేసి చూడండి. ఆ మెడ మీద ఏమిటవి? బొట్టుబిళ్లలా?"

ఆయన చూశారు. చుట్టూ ఉన్నవాళ్లూ చూశారు. ఎవరో ఆడమనిషి "అయ్యో" అంది. కేశవరావు గారు ఫోన్ జేబులో పెట్టుకుని, "ఏమైనా ఇది గుడి అండీ" అన్నారు.

"గుడే. అందుకే చెప్పుతో కొట్టలేదు" అని ఆవిడ విస్తరి వదిలేసి వెళ్లిపోయారు.

మేం పెట్టుకున్న లాయరు ఆ ఫొటోనే ప్రాసిక్యూటర్ ముందు పెట్టాడు. రజినిని తీసుకొచ్చిన రోజే ఛాయాదేవి గారు వేరే డాక్టరు చేత పరీక్ష చేయించారు, ఆ రిపోర్టు కూడా. డిసెంబరులో కేసు కొట్టేశారు. అనుదీప్ మీద మాత్రం ఏ కేసూ పెట్టలేదు. అప్పటికి ఆలస్యమైందన్నారు, ఆధారాలు చాలవన్నారు. కోర్టు మెట్లు దిగుతూ ఛాయాదేవి గారు లాయరుని తిడుతూనే ఉన్నారు. ఆ లాయరు తప్పేం లేదని నేనంటే నన్నూ తిట్టారు.

"నాకు కోపంగా లేదు ఆంటీ. నిద్రొస్తోంది" అంది రజిని.

"పడుకో. ఎన్ని రోజులైనా పడుకో" అన్నారు ఆవిడ.

రజిని ఆ ఇంట్లోనే ఉండిపోయింది. విడాకులు తీసుకుంది. స్టూడెంట్ వీసాకి మారి, మెడికల్ ల్యాబ్ కోర్సులో చేరింది. డ్రైవింగ్ నేను నేర్పాను. ఆ సైటుకి ఛాయాదేవి గారు పైసా కట్టలేదు. కేసు కొట్టేసిన కోర్టు కాగితం పెట్టి ఉత్తరం మీద ఉత్తరం రాశారు. ఒకచోట తీస్తే ఇంకోచోట తేలేది. అరెస్టు వార్త ఎవరైనా చూడొచ్చు, కేసు కొట్టేసిన సంగతి కూడా ఎవరైనా చూడొచ్చు, కానీ రెండోది వెతికేవాడు ఎవడూ లేడు అని ఆవిడ పళ్లు కొరికేవారు.

తర్వాత ఆవిడ ఒక పని మొదలుపెట్టారు. కొత్తగా పెళ్లయి వచ్చిన పిల్లల్ని ఇంటికి పిలిచి, కాఫీ ఇచ్చి, పాఠం చెప్పేవారు. ఎవరైనా కనపడకపోతే ముందు ఆ ఊరి పోలీసులకి ఫోన్ చెయ్యండి. మర్నాటికల్లా కౌంటీ జైలుకి మారుస్తారు, అక్కడ చూడండి. తర్వాత ఆ ఊరి కేసులు ఏ కోర్టుకి వెళ్తాయో అక్కడ. పేరు అన్ని రకాలుగా కొట్టండి, పుట్టినతేదీ దగ్గరుంచుకోండి. మొగుడిది కాకుండా ఒక్క ఫోన్ నంబరైనా నోటికి నేర్చుకోండి. కొందరు నవ్వేవారు. కొందరు మొగుళ్లు పంపడం మానేశారు. "భయపెడుతున్నారండీ కాపురాలు చేసుకునేవాళ్లని" అని కేశవరావు గారు నాతో అన్నారు. ఆ మాట నేను ఆవిడకి చెప్పాను. ఆవిడ మరుసటి వారం ఇంకా ఎక్కువమందిని పిలిచారు.

2014 వేసవిలో విజయవాడ నుంచి ఒకాయన ఛాయాదేవి గారికి ఫోన్ చేస్తే, ఆవిడ స్పీకర్ పెట్టారు. అమ్మాయికి సంబంధం చూస్తున్నారు. కుర్రాడు అనుదీప్. "మావాడు అక్కడ నెట్‌లో అంతా చూశాడండీ. అబ్బాయి పేరు మీద ఒక్క కేసు కూడా లేదు. మొదటి భార్యే అరెస్టయిందట, ఫొటో కూడా ఉంది. మీకు తెలిసిన కుటుంబమని ఎవరో చెబితే ఒక్కమాట అడుగుదామని..."

ఆవిడ ముఖం ఎర్రబడింది. అరుస్తారనుకున్నాను. అరచేత్తో ఫోన్ మూసి పట్టుకున్నారు. కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన రజిని, సంగతేమిటో నన్నడిగి తెలుసుకుని, ఆవిడ చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"బాబాయి గారూ, ఆ ఫొటోలో ఉన్నది నేనే. మీ అమ్మాయికి ఇవ్వండి ఫోను. మీకు కాదు, తనకే చెప్తాను" అంది.

ఆయన ఇవ్వనన్నారు. రజిని గొంతు పెంచింది. అంత గట్టిగా ఆ పిల్ల మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "ఇవ్వకపోతే రోజూ చేస్తాను. మీ ఇంటికీ చేస్తాను, మీ చుట్టాలందరికీ చేస్తాను. నా కూతురికి ఎవరూ చెప్పలేదే అని రేపు మీరు ఏడవడానికి వీల్లేదు. ఇవ్వండి!"

అవతల ఏదో గొడవ వినిపించింది. తర్వాత ఒక సన్నటి ఆడగొంతు, "చెప్పండక్కా" అంది.

రజిని ఫోన్ పట్టుకుని పెరట్లోకి వెళ్లింది. గోంగూర మడుల మధ్య అటూ ఇటూ తిరుగుతూ, చెయ్యి ఊపుతూ మాట్లాడింది. ఛాయాదేవి గారు వంటింటి కిటికీ దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నారు, కూర్చోమంటే కూర్చోలేదు.

ఆ పెళ్లి జరగలేదు.