మీటరు తిరగని గంటలు

వెర్లా స్టకీ ఇరవై రెండేళ్లుగా మా ఊరి బడి బస్సు నడుపుతోంది. యాభై ఎనిమిదో ఏట చిన్న విమానం నడపడం నేర్చుకోవాలనుకుంది. ఎందుకని అడిగితే, "బస్సులోంచి ఎప్పుడూ రోడ్డే కనిపిస్తుంది," అనేది. తన చేపలు పట్టే పడవ అమ్మితే తొమ్మిది వేల డాలర్లు వచ్చాయి. అంతకు మించి ఒక్క డాలరు కూడా పెట్టనని ముందే చెప్పింది.

నేను మా ఊరి చిన్న విమానాశ్రయంలో ఇంధనం నింపుతాను, తాళాలు చూసుకుంటాను. ఒకటే రన్‌వే, ఒకటే శిక్షణ విమానం. నేర్పేది డెబ్బై దాటిన డ్వైట్ రాట్స్‌లాఫ్. గంటకు విమానానికి నూట నలభై, డ్వైట్‌కు యాభై. ఇంజిన్ నడిచినంతసేపే మీటరు తిరుగుతుంది. లైసెన్సుకు కనీసం నలభై గంటలు కావాలి. వెర్లా సరిగ్గా నలభైకే లెక్క వేసుకుంది. డాక్టరుకు, పుస్తకాలకు, చివరి పరీక్షకు వేరుగా తీసిపెట్టింది.

జీతం మీద బతుకుతూ ఆ డబ్బు త్వరగా కరగకూడదని రెండు వారాలకొకసారి వచ్చేది. కాన్సస్ గాలి ఆ రోజే లేస్తే నెల గడిచిపోయేది. వచ్చిన ప్రతిసారీ మొదటి అరగంట మరిచిపోయింది గుర్తు తెచ్చుకోవడానికే సరిపోయేది. నవంబరుకు పంతొమ్మిది గంటలు అయ్యాయి. ఒంటరిగా ఎగరడం ఇంకా రాలేదు.

డ్వైట్ కాఫీ కప్పు పక్కన పెట్టాడు. "వెర్లా, నువ్వు నేర్చుకున్నదాన్నే మళ్ళీ మళ్ళీ కొనుక్కుంటున్నావు. ఇక మానెయ్."

"ముసలిదాన్నయ్యాననా?"

"నాకన్నా చిన్నదానివే. వేసవిలో బడి సెలవులిచ్చాక రా. వారానికి మూడు రోజులు, వరసగా."

ఆమె వెళ్ళిపోయింది. ఇక రాదనుకున్నాను.

మరుసటి శనివారం నా బల్ల దగ్గర నిలబడింది. "అమ్మాయీ, ఆగి ఉన్న విమానంలో కూర్చుంటే ఎంత?"

"ఏమీ లేదండీ," అన్నాను.

శీతాకాలమంతా షెడ్డులో ఆగి ఉన్న ఆ విమానంలో, మందపాటి కోటు వేసుకుని కూర్చుంది. కళ్ళు మూసుకుని ఒక్కొక్క మీట తాకేది, రేడియోలో చెప్పాల్సినవి పైకి చెప్పేది. ఒళ్ళో కాగితం పొట్లంలో మాంసం, క్యాబేజీ కూరిన బీరాక్ రొట్టె చల్లారిపోతుండేది. చూస్తున్నానని తెలిసినా ఆపేది కాదు.

జూన్‌లో, మళ్ళీ మొదలుపెట్టాక మూడో పాఠం మధ్యలో డ్వైట్ రన్‌వే పక్కన దిగి తలుపు వేశాడు. విమానం ఆమె ఒక్కదానితోనే లేచింది. మూడుసార్లు చుట్టి మూడుసార్లు దిగింది. రెండోసారి దిగినప్పుడు కాస్త ఎగిరిపడింది. అప్పుడు డ్వైట్ టోపీ తీసి చేతిలో నలిపాడు.

దిగగానే ఆమె అడిగిన మొదటి మాట, "ఈ మూడు చుట్లకీ నీ యాభై లేదుగా?"

"నేల మీద నిలబడి వణికినందుకు రెట్టింపు ఇవ్వాలి," అంటూ కత్తెర తీశాడు. మొదటిసారి ఒంటరిగా ఎగిరినవాళ్ళ చొక్కా వెనక ముక్క కత్తిరించి, పేరూ తేదీ రాసి గోడకు కొట్టడం మా దగ్గర ఆనవాయితీ.

"ఆగాగు! పాత చొక్కా కారులో ఉంది. ఏడాదిగా దీనికోసమే మోస్తున్నా."

"ఒంటి మీదున్నదే కత్తిరించాలి."

ఒంటి మీదున్నది మేనకోడలి పెళ్ళికి కొన్న నీలం చొక్కా. ముప్పై ఎనిమిది డాలర్లు. వెర్లా ఒక్క క్షణం నా వైపు చూసి, వెనక్కి తిరిగి నిలబడింది.

"ఇది నేను లెక్కలో వేసుకోలేదు. కానివ్వు."

పరీక్షకు పక్కన పెట్టింది పోను ఇంకా మూడు వేల రెండు వందలు మిగిలాయి. డ్వైట్ పక్కన లేని గంటలు చవక కాబట్టి మిగతా గంటలకు సరిపోతాయి. ఆ నీలం ముక్క నా బల్ల ఎదురుగా గోడ మీదే ఉంది.