నాలా ఎక్కని జెల్లలు

మా అక్కంటే నాకు కుళ్లు. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు గానీ, తొంభైల చివర్లో ఎవరైనా ఆ మాట అని ఉంటే చీరి చింతకు కట్టేదాన్ని. ఆమెకు నగలున్నాయని కాదు, మంచి మొగుడున్నాడనీ కాదు. మా నాయిన ఏడాదిలో ఎనిమిది నెలలు ఆమె ఇంట్లో ఉండేవాడు. నాకు మిగిలింది వానాకాలం నాలుగు నెలలు.

అమ్మ పోయాక నాయిన కరీంనగర్ దిక్కు పల్లె నుంచి భివండీకి, మా దగ్గరికి వచ్చేశాడు. అక్క కాశేలిలో, గోదాముల వెనుక ఖాడీ ఒడ్డున ఉండేది. నది సముద్రానికి దగ్గరై, ఉప్పునీళ్లు పైదాకా ఎగదన్నే చోటును అక్కడ ఖాడీ అంటారు. నేను కామత్‌ఘర్‌లో, చెరువుకు రెండు గల్లీల అవతల ఒక్క గది ఖోలీలో ఉండి కండెలు చుట్టేదాన్ని. మా ఆయన నాగావ్ కార్ఖానాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. మా చెరువు నిండితే ఆ నీళ్లు నాలాలో పడి, నదిలో కలిసి, కాశేలి వైపు పోతాయి.

నాయినకు చేపల పిచ్చి ఊళ్లోనే, మత్తడి దగ్గర పట్టింది. చెరువు నిండి మత్తడి దుంకిందని వింటే మగ్గం గుంటలోంచి లేచి పోయేవాడట. కాశేలికి వచ్చిన మొదటి ఏడు, మత్తడి కింద పెట్టినట్టే వెదురుబుట్టను ఖాడీలో నీళ్ల వాలు చూసి పెట్టి, గట్టున కూర్చున్నాడు. మధ్యాహ్నానికి పోటు వచ్చి నీళ్లు వెనక్కి తిరిగాయి. పడ్డ చేపలు వచ్చిన దారినే పోయాయి, బుట్ట కూడా కొట్టుకుపోయింది. మా ఊరి వాగులు ఒకే దిక్కుకు పారతాయి మరి, ఆయనకెట్లా తెలుస్తుంది? అక్కడి చేపలమ్మే ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. ఆ తర్వాత వాళ్లనే అడిగి, ఏ తిథికి నీళ్లు ఎప్పుడు తిరుగుతాయో నేర్చుకున్నాడు.

"ఎండకాలం చెరువు నీళ్లు ఉడుకుతయి బిడ్డా, జెల్ల చేపలు అండ్ల ఉండయి" అని చెప్పేవాడు. "ఖాడీ మొగల నీళ్లు ఎప్పుడూ కదుల్తయి, తిండి దొరుకుతది. తొలకరికి నాలా పారంగనే తీపినీళ్ల వాసన పడ్తయి. కడుపుతోని ఎదురెక్కొచ్చి చెరువు గడ్డిల గుడ్లు పెడ్తయి. పిల్లలు చెరువులనే పెరిగి, నీళ్లు పొర్లినప్పుడు మళ్ల కిందికి దిగుతయి."

ఆయనా అంతే. చలికాలం, ఎండాకాలం అక్క ఇల్లు. జెల్లలు ఎక్కగానే బుట్ట చంకన పెట్టుకుని నా ఇల్లు. ఒకసారి నా ముందే అక్కతో, "నీ పులుసు తింటే మీ అమ్మ చేతిది తిన్నట్టే ఉన్నది" అన్నాడు. నాతో ఆ మాట ఎన్నడూ అనలేదు. ఆ రోజు తిన్న అన్నం నాకు అరగలేదు.

పైగా ఒక ఏడు పది రోజులు ఆలస్యంగా వచ్చాడు. నాలా పారుతోంది, చెరువు గట్టున జనం జెల్లలు పడుతున్నారు, నాయిన జాడ లేదు. వచ్చాక అడిగితే "ఇంక ఎక్కలేదనుకున్న" అన్నాడు. నా నాలుగు నెలల్లోంచి పది రోజులు పోయాయని కడుపు మండింది.

అందుకే మరుసటి ఏడు నేను ఆగలేదు. మే ఆఖర్లో గల్లీ దుమ్ము అణిగేంత జల్లు పడిందో లేదో, షేరింగ్ ఆటో ఎక్కి కాశేలి పోయాను.

"నాయినా, జెల్లలు ఎక్కుతున్నయ్. నడువు."

అక్క చేటలో బియ్యం చెరగడం ఆపింది. "అప్పుడే ఎక్కుడేందే? నాలాల నీళ్లేయి?"

"మా దిక్కు గట్టిగనే పడ్డది. నువ్వొచ్చి చూసినవా? నాయినా, నీ అల్లుడు పొద్దుగాల్నే పట్టుకొచ్చిండు. బకెట్ల ఉన్నయ్."

మా ఆయన జన్మలో ఒక్క చేపను పట్టలేదు. నాయిన లేచి సంచీ, బుట్ట సర్దుకున్నాడు. అక్క ముఖం మాడిపోయింది. ఆటోలో కూర్చున్నంతసేపూ ఆ ముఖం గుర్తొచ్చి నాకెంత హాయిగా ఉందో.

బకెట్లో జెల్లలు నిజంగానే ఉన్నాయి. పొద్దున బజారులో కొన్నాను. ఐసు మీద పెట్టినవి కదా, చల్లదనం పోవాలని మూడుసార్లు నీళ్లు మార్చాను. కొన్నవని తెలియకూడదని కోయించకుండానే తెచ్చాను. ఇంత తెలివి ఒలకబోసి అసలు సంగతి మరిచాను.

నాయిన కత్తిపీట ముందు కూర్చుని మొదటి జెల్ల పొట్ట చీల్చాడు. ఖాళీ. రెండోదీ ఖాళీ. ఎదురెక్కే జెల్ల కడుపులో గుడ్లుండాలి. ఆ ముక్క నాకు వందసార్లు చెప్పి ఉంటాడు. ఆయన మాత్రం తలెత్తకుండా బూడిద వేసి రుద్ది, ముళ్లు కొట్టేసి, ముక్కలు గిన్నెలో పెట్టి ఇచ్చాడు.

పులుసుతో నాలుగు ముద్దలు తిన్నాక నోరు విప్పాడు. "నిరుడు మీ అక్క, ఎక్కినా ఎక్కలేదని చెప్పి పది దినాలు ఉంచుకున్నది. ఈయేడు నువ్వేమో ఎక్కకముందే ఎక్కినయన్నవ్."

నాకు సిగ్గు రావాలి. రాలేదు. ఇందులో కూడా అక్క నాకంటే ముందే ఉందా అని ఒళ్లు మండింది.

"ఆమెది పది దినాలు నమ్మినవ్. నాది ఒక్క పూట నమ్మలే."

"ఆమెదీ నమ్మలే. అంత వాన పడ్తుంటే నాకు తెల్వదా? ఉండమన్నట్టున్నది, ఉన్న." ముద్ద కలుపుతూనే అన్నాడు. "నీదీ నమ్మలే. నీళ్లు లేని నాలాల చేప ఎట్లెక్కుతది? రమ్మన్నట్టున్నది, వచ్చిన."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా లోపలి కుళ్లు ఊరుకుంటుందా?

"అక్కకు పది దినాలిచ్చినవ్. నాకు పదకొండియ్యాలె."

"ముందుగాల పులుసు పొయ్యి" అని నాయిన పళ్లెం ముందుకు జరిపాడు.

నేను గంటె ఎత్తలేదు. ఆయన పన్నెండు అన్నాకే పోశాను.