చిన్నాయన పసుపు, నా చెవులు

మా విభాగంలో ముగ్గురం ఒకే గదిలో కూర్చుంటాం. సినిమా చెప్పే సారు, టీవీ చెప్పే మేడం, రేడియో చెప్పే నేను. సినిమా సారుకు ఏటా కళ్లద్దాల నంబరు పెరుగుతుంది. ఆ సంగతి ఆయన టీ తాగుతూ నవ్వుతూ చెప్తాడు, మేమూ నవ్వుతాం. చెవుల సంగతి అలా చెప్పుకోవడానికి లేదు. వినడం ఎలాగో పిల్లలకు నేర్పడానికే యూనివర్సిటీ నన్ను పెట్టుకుంది. అదీ పర్మినెంటు ఉద్యోగం కాదు. ప్రతి వేసవిలో మా హెడ్డు సంతకం పెడితేనే మరుసటి ఏడాది నాకు ఆ గదిలో కుర్చీ ఉంటుంది.

రెండేళ్ల కిందట ఒక విద్యార్థి పొద్దుటిపూట పొలంలో రికార్డు చేసి తెచ్చాడు. పిట్టల అరుపులు మరీ ఎక్కువయ్యాయా అని అడిగాడు. నాకు బోరు మోటారు చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. "జర తగ్గించు" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి. ఆ రోజు ఇంటికి వెళ్లి కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఎదురుగా తీగ మీద పిచ్చుక నోరు తెరుస్తోంది, మూస్తోంది. దాని అరుపు మాత్రం నా దాకా రాలేదు.

తర్వాత దొంగతెలివి నేర్చాను. కంప్యూటర్ తెర మీద శబ్దం పెరిగినప్పుడు ఆకుపచ్చ గీతలు లేస్తాయి, మరీ ఎక్కువైతే ఎర్రబడతాయి. వాటిని చూసి "ఇక్కడ గొంతు పగిలింది" అనేదాన్ని. పిల్లల ముఖాలు చూసి ఎక్కడ బాగుందో కనిపెట్టేదాన్ని. ఎవరైనా వెనకనుంచి పిలిచినప్పుడు పలకకపోతే, ఏదో ఆలోచనలో ఉన్నానన్నట్టు నటించేదాన్ని. ఈ నాటకానికి పడ్డ కష్టం పాఠాల మీద పడి ఉంటే ఈపాటికి పుస్తకం రాసేదాన్ని.

చివరికి చెవుల పరీక్షకు వెళ్లాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. ఇరవై ఏళ్లు స్టూడియో అద్దానికి అటూ ఇటూ కూర్చున్నదాన్ని నేను. అవతల మిషన్ దగ్గరున్న అమ్మాయి భుజం కదిలినప్పుడల్లా బటన్ నొక్కాను. పరీక్ష పాసయ్యాను. ఆటో ఎక్కాక ఏడుపొచ్చింది. డబ్బు కట్టి మరీ నన్ను నేనే మోసం చేసుకుని వచ్చాను కదా.

ఈసారి ఆరుగురు విద్యార్థులకు పసుపు మీద పది నిమిషాల రేడియో కార్యక్రమం తయారుచేసే పని ఇచ్చాం. అందుకోసం వాళ్లను ఆర్మూరు తీసుకొచ్చాను. నేను పుట్టింది దాన్ని ఆనుకున్న పెర్కిట్‌లో. మా అమ్మ పసుపు కళ్లాల్లో కూలికి పోయేది, నేను ఆమె వెంట తిరిగేదాన్ని. బాగా ఎండిన కొమ్మును విరిస్తే చిన్నగా, లోహం తగిలినట్టు మోగుతుంది. లోపల తడి ఉంటే ఆ మోత రాదు. చూపు కంటే చెవిని నమ్మడం నేను అక్కడే నేర్చుకున్నాను. ఆ మోతను పిల్లల చేత రికార్డు చేయించాలని నా ఆశ. సోమవారం నాడు మా హెడ్డు, బయటి నుంచి వచ్చే పరీక్షకుడు కలిసి ఆ కార్యక్రమం వింటారు.

మా చిన్నాయన వేల్పూర్‌లో రెండెకరాలు కౌలుకు చేస్తాడు. మేం వెళ్లిన రోజే తన పసుపు ఆర్మూరు మార్కెట్టుకు తెచ్చాడు. ఉడకబెట్టి, పదిహేను రోజులకు పైగా ఎండబెట్టి, డ్రమ్ములో తిప్పి మెరుగు పెట్టిన పంట. పొద్దున్నుంచీ ఆయన కళ్లు కుప్ప మీద కంటే ఆకాశం మీదే ఎక్కువున్నాయి. వేల్పూర్ దిక్కున నల్లగా మబ్బు పట్టి ఉంది.

"గియ్యాల అమ్ముడువోతే గండం గడిచినట్టే బిడ్డా," అన్నాడు. "మల్ల సంచులకెత్తి ఇంటికి కొంటవోతె, తొవ్వల వాన గిట్ట వడ్డదంటే అంత ఖరాబే."

షెడ్డులో కుప్పలు వరుసగా పోసి ఉన్నాయి. ఖరీదుదారులు ఒక్కో కుప్ప దగ్గర ఆగి, నాలుగు కొమ్ములు తీసి, విరిచి చూసి ముందుకు పోతున్నారు. నందిపేట్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన మా విద్యార్థిని రికార్డరు పట్టుకుంది. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. చిన్నాయనను మైకు దగ్గర ఒక కొమ్ము విరవమన్నాను.

ఆయన విరిచాడు. మెత్తగా, తడి పుల్ల విరిగినట్టు వినబడింది. ఇంకోటి విరవమన్నాను. అదీ అంతే.

చిన్నాయన పంట లోపల పచ్చిగా ఉంది, ఆయనకు తెలియలేదు అనుకున్నాను. ఆ కొమ్మును చేతిలోకి తీసుకుని విరిచి ఉంటే నాకే తెలిసేది. కానీ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాక నాకు చేతులున్న సంగతి కూడా గుర్తుండదు. చెవుల్లో ఏది పడితే అదే లోకం. రెండేళ్లుగా దాచుకుంటున్న నా లోపం సరిగ్గా ఆ నిమిషంలోనే మనసుకు రాలేదు.

"చిన్నాయనా, లోపట ఇంక పచ్చిగున్నట్టుంది. ఇంకో నాలుగు దినాలు ఎండవెట్టాలేమో," అన్నాను.

ఆయన చెవిలో గొణిగాననే అనుకున్నాను. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్లు గొణుగుతున్నామనుకుని అరుస్తారు. మొదటి క్లాసులోనే ఈ సంగతి పిల్లలకు చెప్పి నవ్విస్తాను. పక్క కుప్ప దగ్గరున్న ఖరీదుదారు తల తిప్పాడు. అతని వెనకున్న ఇద్దరూ తిప్పారు. ఆ ఇద్దరూ మా కుప్ప దాటుకుని ముందుకు వెళ్లిపోయారు.

ఖరీదుదారు మాత్రం వచ్చి నిలబడ్డాడు. "ఏం పెద్దమనిషీ, మీ ఇంటి మనిషే పచ్చిగుందంటుంది. నేనెట్ల తీసుకోవాలె?" అన్నాడు.

చిన్నాయన నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో, అర్థం కాకపోవడమే ఉంది. "ఏమన్నవు బిడ్డా?" అన్నాడు. నేను హెడ్‌ఫోన్లు తీశాను. ఆయన ఇంకో కొమ్ము తీసి, నా చెవి పక్కనే పెట్టి విరిచాడు. "ఇను."

విరగడం చూశాను. మోత వినలేదు. అయితే రికార్డరు తెర మీద గీతలు ఒక్కసారిగా ఎరుపు దాకా లేచాయి. మా విద్యార్థిని కనుబొమలు పైకి లేచాయి, మంచి శబ్దం దొరికినప్పుడు ఆమెకు అదే అలవాటు. శబ్దం వచ్చింది. నా దాకా రాలేదు, అంతే.

అబద్ధమెందుకు, నేను వెంటనే నిజం చెప్పలేదు. చుట్టూ ఆరుగురు పిల్లలున్నారు. హెడ్డు సంతకం పెట్టే రోజులు దగ్గరికొచ్చాయి. "మైకు సరిగా లేనట్టుంది," అన్నాను.

"మైకు మంచిగనే ఉంది మేడం," అంది ఆ పిల్ల, పనిముట్టుకు చెడ్డపేరు రాకూడదన్నట్టు.

ఖరీదుదారు నవ్వాడు. "మైకు మంచిగుంటే పసుపే మంచిగ లేనట్టు గదా," అని చేతులు దులుపుకుని కదలబోయాడు. చిన్నాయన ఆకాశం వైపు చూసి, ఖాళీ సంచి ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. ఆ సంచి చూశాక నాకిక దాక్కోవడానికి చోటు లేకపోయింది.

"జర ఆగు," అన్నాను. "పసుపు మంచిగనే ఎండింది. నాకే ఇనవడ్తలేదు. రెండేండ్ల సంది సన్న సప్పుళ్లు నాకు ఇనవడ్తలేవు."

ఖరీదుదారు నన్నొకసారి, చిన్నాయననొకసారి చూశాడు. కుప్ప లోపలికి చెయ్యి పెట్టి అడుగు నుంచి ఒక కొమ్ము లాగి, తన చెవి దగ్గర విరిచాడు. ముక్కను పంటికింద నొక్కి చూశాడు. చీటీ మీద ధర రాశాడు. పక్క కుప్పకు ఎంతో దీనికీ అంతే.

చిన్నాయన సంచి కింద పెట్టి నా దగ్గరికొచ్చాడు. "ఇంట్ల ఎరుకనా?"

"లేదు."

"మరి గీ పిల్లలకు పాఠాలెట్ల చెప్తున్నవు?"

ఎత్తిపొడుపుగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. రెండేళ్లుగా నన్ను నేను అడక్కుండా తప్పించుకున్న ప్రశ్న అది. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, హమాలీలను పిలవడానికి వెళ్లాడు.

షెడ్డు బయట అరుగు మీద కూర్చున్నాం. మిగతా పిల్లలు కాస్త దూరంగా నిలబడ్డారు. నందిపేట్ అమ్మాయి హెడ్‌ఫోన్లు పెట్టుకుని రికార్డు చేసింది మొదటి నుంచి వింటోంది. కొమ్ము విరిగిన చోటు వచ్చిందని ఆమె కనుబొమలు చెప్పాయి.

"ఎట్లుంది?" అని అడిగాను. పిల్లల్ని ఆ మాట వేల సార్లు అడిగి ఉంటాను. జవాబు తెలియక అడగడం అదే మొదలు.

ఆమె హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి జరిపింది. "స్టీలు గిలాసకు గోరు తాకినట్టున్నది మేడం. సన్నగ, సాఫ్‌గ."

అవును, అలాగే ఉండేది. చిన్నప్పుడు కళ్లంలో విన్నది ఒక్కసారిగా గుర్తొచ్చి కళ్లు నిండాయి. ఆ మోతను ఇక ఎవరో ఒకరు చెప్తేనే వినాలి.

ఆమె ఇంకాసేపు విని ఉన్నట్టుండి ఆపేసింది. ముఖం మారింది. "మేడం, అప్పుడు నేను రికార్డు ఆపనేలేదు. మీరు అన్న మాటలన్ని దీంట్లకొచ్చినయి."

తీసెయ్యమంటే ఒక్క బటన్‌తో పోతుంది. హెడ్డుకు తెలియదు. సంతకం పడుతుంది. వచ్చే ఏడాది కూడా ఆకుపచ్చ గీతలు చూసుకుంటూ ఇంకెవరి పసుపునో పచ్చిదంటాను.

"ఉంచాల్నా, తీసెయ్యాల్నా?" అంది ఆమె. "ఉంచితేనే ప్రోగ్రాం మంచిగుంటది. కని మీ నౌకరి..." అని ఆగిపోయింది.

"ఉంచు," అన్నాను.

"గా మాట్లాడింది ఎవలని హెడ్డు సారు అడుగుతే?"

నా గుండె చప్పుడు మాత్రం నాకు బాగానే వినబడుతోంది.

"మా రేడియో మేడం అని చెప్పు," అన్నాను.