ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు, రిజ్వానా సీటు కోసం

ఆదివారం పొద్దున వంటింట్లో ఉండగా ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"టీచర్, నేను రిజ్వానాని. ఉదయగిరి. ఎండాకాలంలో మీరు మా ఇంటికి వచ్చినారు."

గుర్తు చేసుకుంటూ ఉండగానే ఆ పిల్ల గబగబా చెప్పేసింది. "లిస్టులో నా పేరు వచ్చినాది టీచర్. సర్టిఫికెట్లు చూపించేదానికి రేపే ఆఖరంట. అమ్మీ రానంటా ఉండాది."

"ఎందుకు?"

"మీరే వచ్చి అడగండి టీచర్," అని పెట్టేసింది.

నేను ఆత్మకూరు దగ్గర ఒక ప్రభుత్వ ఆడపిల్లల వసతి బడిలో తెలుగు చెబుతాను. ఇల్లు నెల్లూరులో. బడి మానేసిన పిల్లల కోసం, రేపో మాపో మానేసేలా ఉన్న పిల్లల కోసం పెట్టిన బడి అది. అన్నం, గుడ్డలు, పుస్తకాలు, సబ్బు, తలనూనె అన్నీ ప్రభుత్వమే ఇస్తుంది. అందుకని చేర్చుకోవడానికి ఒక వరస ఉంది. అమ్మా నాన్నా ఇద్దరూ లేని పిల్లలు ముందు. ఒకరే ఉన్నవాళ్ళు తర్వాత. బడి మానేసినవాళ్ళు ఆ తర్వాత. ఇంకా మిగిలితే మిగతా పేద పిల్లలు. ప్రతి వేసవిలో టీచర్లం కరపత్రాలు పట్టుకుని మెట్ట ఊళ్ళన్నీ తిరుగుతాం. అలా తిరుగుతున్నప్పుడే ఒక అరుగు మీద కూర్చుని కొయ్య గరిటెలకు గరుకు కాగితం పడుతున్న ఈ పిల్లను చూశాను. ఏడో తరగతితో చదువు ఆగిపోయింది. నేను బడి గురించి చెబుతుంటే అన్నీ విని, "లైబ్రరీ ఉండాదా టీచర్?" అని ఒక్కటే అడిగింది.

సోమవారం ఎటూ బడికి పోవాల్సిందే. ఒకరోజు ముందే బయలుదేరి, ఉదయగిరి మీదుగా చుట్టు తిరిగి పోదామనుకున్నాను.

పది దాటాక నెల్లూరు బస్టాండులో ఉదయగిరి బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు జీరో టికెట్టు. ఈ దారిన పొద్దుటి పూట పోయేవాళ్ళు ఎడమవైపు కిటికీ చూసుకోండి, ఎండ తగలదు. సంగం వరకు పెన్న నీళ్ళ పచ్చదనం కంటికి చలవగా ఉంటుంది. అక్కడినుంచి కలిగిరి వైపు తిరిగితే నేల రంగు మారిపోతుంది. దుక్కి దున్ని వానకోసం ఆపిన చేలు, జామాయిల్ తోటలు, మధ్యలో ఎక్కడో బోరున్నచోట ఒక బత్తాయి తోట.

కలిగిరిలో తెల్లపంచె కట్టుకున్న పెద్దాయన ఎక్కి నా ముందు సీట్లో కూర్చున్నాడు. బస్సులో టికెట్టుకు డబ్బులిచ్చింది తానూ, ఇంకో నలుగురు మగవాళ్ళూ. వెనక్కి తిరిగి అందరికీ వినబడేలా అన్నాడు. "అంతా ఫ్రీ. బస్సు ఫ్రీ, బువ్వ ఫ్రీ. ఇట్టయితే రేపు చేలో కలుపు తీసేదెవురు?"

కాసేపటికి నన్ను ఎక్కడికని అడిగాడు. చెప్పాను. బడి సంగతంతా విని పూర్తిగా నా వైపు తిరిగి కూర్చున్నాడు.

"మా దొడ్లో పనిచేసే వాడికి ఒక కూతురుండాది టీచరమ్మా. తల్లి చచ్చిపోయింది. ఆ పిల్ల గొడ్ల ఎనక తిరగతా ఉండాది. దానికి దొరకదా?"

తల్లి లేని పిల్లయితే వరసలో ముందే ఉంటుందని చెప్పాను. నా నంబరు తీసుకుని, సరిగ్గా ఎక్కిందో లేదో అని అక్కడే ఒకసారి మోగించి చూసుకున్నాడు. వింజమూరులో దిగుతూ, "ఫోన్ చేస్తా, ఎత్తాల," అన్నాడు గట్టిగా.

ఉదయగిరి చేరేసరికి ఒంటిగంట దాటింది. కొండ ఊరి మీదికే వంగినట్టుంటుంది. రిజ్వానా తల్లి మస్తాన్‌బీ ఇల్లు బజారు వెనక సందులో ఉంది. వాకిట్లో గరిటెలు చెక్కే నర్ది కొయ్య ముక్కలు ఎండలో ఆరబెట్టి ఉన్నాయి. ఆమె ఆకురాయితో గరిటె కాడను అరగదీస్తూ తలెత్తి చూసింది.

"ఇది ఫోన్ చేసిందా?" అంది లోపలికి చూస్తూ. లోపల రిజ్వానా తలుపు పక్కన నిలబడి ఉంది.

నేను సమాధానం చెప్పేలోపే లేచి చేతులు కడుక్కుంది. "ముందు తినండి టీచరమ్మా. తర్వాత తిట్టుకుందాం."

బగారా అన్నం, దాల్చా పెట్టింది. ఇంట్లో ఇద్దరే అయినా గిన్నె పెద్దది. తింటున్నంతసేపూ ఊళ్ళో నీళ్ళ సంగతి, కొయ్య దొరకడం లేదన్న సంగతి చెప్పింది. కంచం తీసేశాక గరిటె కాడ మళ్ళీ చేతిలోకి తీసుకుని ఎదురుగా కూర్చుంది.

"ఇది నెట్ సెంటర్లో అప్లికేషన్లో ఏం రాయించిందో తెలుసా మీకు? తండ్రి లేడని రాయించింది."

"లేడని కాదు అమ్మీ. తల్లి ఒక్కతే అని," అంది రిజ్వానా.

"రెండూ ఒకటే."

రిజ్వానా తండ్రి లారీ డ్రైవరు. మూడేళ్ళ కిందట బెంగళూరు లోడు వేసుకుని పోయాడు. కొన్ని నెలలు ఫోన్లు చేశాడు. తర్వాత నంబరు పనిచేయలేదు. హోసూరులో చూశామని ఒకరు, అక్కడ ఇంకో సంసారం ఉందని ఇంకొకరు చెప్పారు. మస్తాన్‌బీ ఆ మాటలు చెప్పినవాళ్ళ ఇళ్ళకు పోవడం మానేసింది.

"రేపు నేను వస్తే ఒంటరిదాన్నని సంతకం పెట్టాలంట కదా. మనిషి బతికుండగా అట్టా ఎట్టా పెడతాను టీచరమ్మా? ఆయన వచ్చి, ఏందే ఇది అంటే ఏం చెప్పేది?"

"చనిపోయారని కాదమ్మా. వదిలేసి వెళ్ళినా ఆ వరసలోకే..." అన్నాను.

ఆమె చేతిలో గరిటె కాడ ఆగిపోయింది. నోట్లోంచి ఆ మాట వచ్చాక వెనక్కి తీసుకోలేకపోయాను. ఇన్నాళ్ళూ ఊరంతా అంటున్నది, ఆమె ఇంట్లో ఆమె అన్నం తిని నేనూ అన్నాను.

గరిటె కాడ పక్కన పెట్టి ఆమే అడిగింది. "బడి మానేసిన పిల్ల కదా ఇది. ఆ వరసలో రాదా?"

"ఎనిమిదో తరగతిలో రెండే సీట్లున్నాయి. ఆ వరసలో చాలామంది ఉన్నారు."

మస్తాన్‌బీ కూతురి వైపు చూసింది. రిజ్వానా నేల చూపులు చూస్తోంది. అడగడం లేదు, ఏడవడం లేదు.

"ఆత్మకూరు వస్తాను," అంది చివరికి. "సంతకం మాత్రం అడగొద్దు. దేవుడు ఇస్తే ఇస్తాడు."

ఆ రాత్రి బస్టాండు దగ్గర చిన్న లాడ్జిలో ఉన్నాను. గది శుభ్రంగానే ఉంది, ఫ్యాను మాత్రం కరెంటు ఇష్టం.

పొద్దున ఏడు గంటల ఆత్మకూరు బస్సుకి తల్లీ కూతుళ్ళు నాకంటే ముందే వచ్చి నిలబడి ఉన్నారు. కాళ్ళ దగ్గర ఒక రేకు పెట్టె. సీటు ఖాయమైతే ఆ రోజే చేర్చుకుంటామని మెసేజిలో ఉందట. ఖాయం కాకపోతే అదే పెట్టె మోసుకుని మళ్ళీ ఊళ్ళోకి రావాలి. బజారులో అందరూ చూస్తారు. అయినా మస్తాన్‌బీ పెట్టె తెచ్చింది.

బస్సులో ముగ్గురం ఒకే సీట్లో సర్దుకున్నాం. ఊరు దాటాక మస్తాన్‌బీ కూతురి జడలు విప్పింది. "బిగువు చాల్లేదు," అని మళ్ళీ పాయలు తీసి అల్లడం మొదలుపెట్టింది. గుంతల రోడ్డు మీద బస్సు ఎగిరినప్పుడల్లా ఆగి, మళ్ళీ అల్లేది. ఆ జడలు ముందు కూడా బాగానే ఉన్నాయి.

పక్క సీట్లో ముసలావిడ చూస్తూ చూస్తూ అడిగింది. "పిల్లని హాస్టల్లో ఏస్తా ఉండావా మే?"

"అవునవ్వా."

"వాళ్ళ నాయన యాడ?"

"బెంగళూరులో," అంది మస్తాన్‌బీ, వేళ్ళు ఆపకుండా.

రిజ్వానా కిటికీ వైపు తిరిగింది. అల్లుతున్న జడ చేతిలోంచి జారిపోయింది. తల్లి దాన్ని మళ్ళీ అందుకుంది.

బస్టాండు బయట ఇడ్లీ తిన్నాం. రిజ్వానా ఒక్కటి తిని చాలంది. ఆటోలో బడికి పోయేసరికి వరండాలో తల్లులు, అవ్వలు, పిల్లలు నిండిపోయి ఉన్నారు. చేర్పులు చూడడానికి వచ్చిన మేడం మా బడి మనిషి కాదు, పై ఆఫీసు నుంచి వచ్చింది. నేను సిఫారసు చేసినట్టు ఉండకూడదని ఆమె గదిలోనే దూరంగా, గోడ పక్కన బెంచీ మీద కూర్చున్నాను. రిజ్వానా పేరు పిలిచేసరికి పదకొండు దాటింది.

మేడం కంప్యూటర్లో చూసింది. "తల్లి ఒక్కరే అని పెట్టారు. తండ్రి?"

మస్తాన్‌బీ బురఖా అంచు పట్టుకుని నిలబడింది. మేడం ఇంకోసారి అడిగింది.

"ఉన్నాడు మేడం," అంది రిజ్వానా. "మా అబ్బా ఉన్నాడు. నెట్ సెంటర్లో నేనే తప్పు నొక్కించినాను."

తల్లి కూతురి వైపు తిరిగి చూసింది. నేను బెంచీ మీద నుంచి సగం లేచాను.

"అయితే ఈ వరసలో రాదు తల్లీ," అంది మేడం. గొంతులో కోపం లేదు. "బడి మానేసిన వాళ్ళలో పెడతాను. సీటుంటే ఫోన్ చేస్తారు." కాగితాలు ఒద్దికగా సర్ది వెనక్కి ఇచ్చింది.

రిజ్వానా వాటిని తీసుకుని, "పా అమ్మీ," అని తల్లి చెయ్యి పట్టుకుంది. పెట్టె ఎత్తడానికి వంగింది కూడా.

మస్తాన్‌బీ కదల్లేదు.

"దాని మాట వినొద్దు మేడం," అంది.

"అమ్మీ, వద్దు."

"నువ్వుండు." కూతురి చేతిలోంచి కాగితాలు తీసుకుని మళ్ళీ బల్ల మీద పెట్టింది. "మూడేళ్ళయింది మేడం. పోయినాడు. ఫోను లేదు, మనిషి రాలేదు. యాడుండాడో నాకు తెలీదు. వస్తాడని చెప్తా ఉండాను అందరికీ. దీనికీ అదే చెప్తా ఉండాను. దీన్ని నేనొక్కదాన్నే సాకతా ఉండాను." అక్కడ ఆగి ఊపిరి తీసుకుంది. "యాడ పెట్టాల సంతకం?"

మేడం తన కుర్చీ పక్కన ఉన్న ఇంకో కుర్చీ ఇటు లాగింది. "కూర్చోమ్మా," అంది. కాగితం తిప్పి చోటు చూపించింది. పెన్ను ఇస్తూ నెమ్మదిగా చెప్పింది. "రేపు ఆయన తిరిగొచ్చినా ఈ సీటు పోదు. ఈ కాగితం ఆయన మీద కాదు, పిల్ల కోసం."

మస్తాన్‌బీ ఉర్దూలో సంతకం పెట్టింది. పెట్టాక పెన్ను బల్ల మీద పెట్టడం మరిచిపోయి, గుప్పిట్లోనే పట్టుకుని కూర్చుంది. రిజ్వానా వెనక నుంచి తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, భుజంలో ముఖం దాచుకుంది. నేను వరండాలోకి పోయి కొళాయి దగ్గర ముఖం కడుక్కున్నాను.

ఆ తర్వాత అంతా పండగే. వార్డెను పెట్టెకు నంబరు రాసింది. యూనిఫాం గుడ్డ కొలత తీసుకున్నారు. మస్తాన్‌బీ వంటగదిలోకి పోయి పప్పు గుండిగలోకి తొంగి చూసి, వంటామెతో పోపు గురించి వాదం పెట్టుకుంది. మధ్యాహ్నం పిల్లలతో పాటే అందరం తిన్నాం. రిజ్వానా ఈసారి రెండోసారి అన్నం పెట్టించుకుంది. సాయంత్రం తల్లి గేటు దాటుతుంటే ఆ పిల్ల ఏడవలేదు. చెయ్యి ఊపింది, ఊపుతూనే ఉంది. మలుపు దగ్గర తల్లే ఒక్కసారి ఆగి ఏడ్చింది.

ఆత్మకూరు బస్టాండులో ఆమెను ఉదయగిరి బస్సు ఎక్కించి, నేను నెల్లూరు బస్సులో కూర్చున్నాను. ఇటు నుంచి నెల్లూరుకు ప్రతి అరగంటకో గంటకో ఏదో ఒక బస్సు దొరుకుతుంది, తొందరపడక్కర్లేదు.

దారి పొడుగునా ఆ వరసల గురించే ఆలోచించాను. అవి లేకపోతే గట్టిగా అడగగలిగినవాళ్ళకే సీట్లు పోతాయి. అది నాకు తెలుసు. ప్రతి ఏడూ ఆ వరసల ప్రకారమే పేర్లు రాస్తూ వచ్చాను. అనాథ, ఒంటరి తల్లి, బడి మానేసినది అని రాసుకుంటూ పోవడమే తప్ప, ఆ మాట ఒప్పుకోవడానికి ఒక మనిషికి ఎన్నేళ్ళు పడుతుందో ఎప్పుడూ ఆలోచించలేదు. తల్లి కోసం కూతురు సీటు వదులుకోబోయింది, కూతురి కోసం తల్లి తన ఆశ మీద సంతకం పెట్టింది. ఈ రెండింటికీ మా దరఖాస్తులో చోటు లేదు. కానీ చివర్లో కుర్చీ ఇటు లాగిన మేడం కూడా ప్రభుత్వమే అని గుర్తు తెచ్చుకుని కొంచెం తేలికపడ్డాను.

సంగం దాటుతుండగా మస్తాన్‌బీ ఫోన్ చేసింది. వెనక బస్సు మోత.

"టీచరమ్మా, ఒకటి చెప్పడం మర్చిపోయినాను. దానికి నిద్దట్లో దుప్పటి తన్నేసే అలవాటుండాది. మళ్ళీ చలికి ముడుచుకుంటాది. ఎవురైనా ఒకసారి చూసి కప్పమని చెప్తారా?"

చెబుతానన్నాను.

"వాళ్ళ అబ్బాకీ అదే అలవాటుండేది," అంది. "ఉంటాను టీచరమ్మా."

ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సైన్సు టీచరుకు ఫోన్ చేశాను. ఎనభైమంది పిల్లల మధ్య దుప్పటి సంగతి చెబితే నవ్వుతుందేమో అనుకుంటూనే చెప్పాను.

ఆమె నవ్వలేదు. "పై మంచమా, కింది మంచమా?" అని అడిగింది.