స్తంభం మీద చీర

ఎనభైల చివర్లో ఐటీఐ పూర్తి చేసి, బోధన్‌లో టెలిఫోన్ లైన్లు బాగుచేసే ఉద్యోగంలో చేరాను. మొదటి రోజే మా సూపర్‌వైజర్, "చీర మీదనే రావాలె అమ్మా. పాంటు గీంటు ఏస్తే జనం నవ్వుతరు" అని చెప్పాడు.

ఒక మధ్యాహ్నం బజారులో స్తంభం ఎక్కాను. పని ముగించి దిగబోతే కుచ్చిళ్లు ఇనుప మెట్టుకు చిక్కుకున్నాయి. ఒక చేత్తో స్తంభాన్ని, ఇంకో చేత్తో మానాన్ని పట్టుకుని వేలాడుతున్నాను. కింద బజారంతా పోగైంది. చెరకు బండ్లు కూడా ఆగిపోయాయి.

"గట్టిగ గుంజు అక్కా!" అని ఒకడు. "గుంజకు, మొత్తం ఊడొస్తది!" అని ఇంకొకడు.

ఎదురు దుకాణం టైలర్ కరీం చాచా నిచ్చెన వేసుకుని, కత్తెరతో పైకొచ్చాడు. పెద్దమనిషి కదా, నావైపు చూడలేదు.

"ఆంఖే బంద్ చేసుకున్న బేటీ. ఏడ కత్తిరించాల్నో నువ్వే చెప్పు."

నాకు ప్రాణం పోయినంత పనైంది. "కండ్లు తెరువు చాచా, నా కాలు పోతది!" అని అరిచాను.

చివరికి సగం చీరతో కిందికి దిగాను. చాచా భార్య, మా చాచీ, నన్ను దుకాణం లోపలికి తీసుకెళ్లి కొలతలు తీసింది. సాయంత్రానికి చాచా ఖాకీ పాంటు కుట్టిచ్చాడు.

మర్నాడు పాంటుతో ఇంకో స్తంభం ఎక్కితే సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏందమ్మా గీ వేషం? జనం చూస్తే ఏమంటరు?"

"నిన్న చీర కడితే ఊరంతా చూసింది సార్. ఇయ్యాల మీరొక్కరే చూస్తున్నరు."

ఆయన తలదించుకుని సైకిలెక్కాడు.

పరువు చీరలో ఉంటుందో, పాంటులో ఉంటుందో నాకిప్పటికీ తెలియదు. స్తంభం మీది నుంచి పడితే మాత్రం పళ్లతో పాటే రాలుతుంది.