మైకు చాచిన మా బావ

మా బావ పోయాడు. పొద్దున డ్యూటీలో ఉండగా అక్క ఫోన్ చేసింది. "మీ బావ లేవట్లేదురా" అంది, అంతే. నేను కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్‌లో పనిచేస్తాను. షిఫ్టు పక్కవాళ్లకు అప్పజెప్పి భవానీపురం చేరేసరికి ఇంటి ముందు టెంటు వేసేశారు, కుర్చీలు దింపుతున్నారు. సాయంత్రానికి వీధి మొదట్లో ఫ్లెక్సీ కూడా లేచింది. అందులో బావ తోలు జాకెట్ వేసుకుని, మైకును జనం వైపు చాచి నవ్వుతున్నాడు. కింద "మూగబోయిన బంగారు గొంతు" అని రాశారు. అంత ఏడుపులోనూ నాకు ఒళ్లు మండింది.

మీలో చాలామంది ఆయన పాట వినే ఉంటారు. తెలుగులో గిటార్లు, డ్రమ్ములతో సొంత పాటలు కట్టుకుని పాడిన మనిషి. బ్యారేజీ గేట్లు ఎత్తిన రోజు ఊరు ఊరంతా నీళ్లు చూడడానికి పరిగెత్తడం మీద ఆయన కట్టిన పాట ఒకప్పుడు బెజవాడ ఆటోల్లో, సెల్‌ఫోన్ రింగుల్లో మోగిపోయింది. పాట చివర "గేట్లెత్తారూ" అని గొంతు ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆల్బంలో ఉన్నది నిజంగా బావ గొంతే, కాదనను. ఆ ఒక్క కేక విని మా అక్క ఇంట్లోవాళ్లందరినీ ఎదిరించి ఆయన్ని చేసుకుంది. కానీ ఆ తర్వాత స్టేజీల మీద మీరు విన్న ఆ కేక నాది.

చర్చి క్వయర్లో పాడే రోజుల నుంచీ ఆయన అంతే. పక్కవాడి గొంతు వినపడితే సహించేవాడు కాదు. క్రిస్మస్ కేరల్స్ పాడడానికి ఇంటింటికీ వెళ్తే గిటార్ పట్టుకుని ముందు ఆయనే గుమ్మం ఎక్కేవాడు, కేకు ముక్కా ముందు ఆయనే తీసుకునేవాడు. బ్యాండు పెట్టాక నా చేతిలో బేస్ గిటార్ పెట్టి వెనక్కి తోశాడు. "స్టేజీ మీద ముందు నిలబడ్డోడే పాటరా. వెనకున్నోళ్లంతా కరెంటు. కరెంటు కనపడకూడదు" అనేవాడు. నాకు థర్మల్‌లో ఉద్యోగం వచ్చినప్పుడు "చూశావా, నేను ముందే చెప్పా" అని పదిమందిలో పకపకా నవ్వాడు. అక్క మొగుడు కదా, నేనూ వాళ్లతోపాటు నవ్వాల్సి వచ్చింది.

సిగరెట్లు, రిహార్సల్లో మా మీద అరుపులు, రెండూ కలిసి ఆ గొంతును తినేశాయి. గుడివాడలో ఒక కాలేజీ ఫంక్షన్‌లో మొదటిసారి ఆ కేక దగ్గర ఆయనకు భయం వేసింది. మైకును జనం వైపు చాచాడు. పిల్లలంతా తలో శ్రుతిలో అరిచారు. ఆ సందులో వెనక్కి తిరిగి నావైపు చూశాడు. అంతలా బతిమాలే చూపు ఆయన కళ్లలో అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. తర్వాత మైకు నోటి దగ్గరికి తెచ్చుకుని, కళ్లు మూసుకుని, తల పైకెత్తాడు. స్పీకర్ బాక్సు పక్కన కోరస్ కోసం పెట్టిన మైకులో నేను అందుకున్నాను. జనం ఊగిపోయారు.

ఆ రోజు నుంచి అదే మా పద్ధతి. ఆయన మైకు చాచాడంటే నాకు సైగ. కార్యక్రమం అయ్యాక పెద్దవాళ్లు వచ్చి "ఈ వయసులో కూడా ఏం గొంతండీ!" అంటే గుండె మీద చెయ్యి వేసుకుని "దేవుడిచ్చిందండీ" అనేవాడు. దేవుడిచ్చిన మాట నిజమే. ఇచ్చింది నాకు.

నా పెళ్లి రిసెప్షన్‌లో కూడా వదల్లేదు. సూటు వేసుకుని పెళ్లికూతురి పక్కన నిలబడి ఉన్నాను. ఎవరూ అడక్కుండానే బావ స్టేజీ ఎక్కి ఆ పాటే ఎత్తుకున్నాడు. చివరికి వచ్చేసరికి మైకు జనం వైపు చాచి నన్ను చూశాడు. ఏం చేస్తాను? పూల తెర వెనక్కి దూరి, కోరస్ మైకు లాక్కుని, నా పెళ్లిలో నేనే దొంగలా పాడాను. "ఒంట్లో బాలేదేమో అనుకున్నానండీ" అంది మా ఆవిడ తర్వాత. సంగతి చెప్పాక ఆమె బావకు మళ్లీ తన చేత్తో కాఫీ ఇవ్వలేదు.

తర్వాత మమ్మల్నందరినీ వదిలేసి, సోలో అంటూ హైదరాబాద్ పోయాడు. ఒక టీవీ లైవ్ ప్రోగ్రాం ఇంట్లో కూర్చుని చూశాను. అలవాటుగా మైకు చాచాడు. అక్కడి జనం పాడారు. మైకు నోటి దగ్గరికి తెచ్చుకుని తల పైకెత్తాడు. వెనక నేను లేను. వచ్చింది దగ్గు. నేను సంతోషించానని మీకు చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. కొన్నాళ్లకు మా వరండాలో ప్రత్యక్షమై "బేస్ దుమ్ము దులపరా. శనివారం బెంజ్ సర్కిల్‌లో షాపు ఓపెనింగ్ ఉంది" అన్నాడు. తప్పయిందనే మాట ఆ నోట నేనెప్పుడూ వినలేదు. అయినా దుమ్ము దులిపాను. దానికి నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఆ కేక నాకు నేర్పింది మాత్రం ఆయనే. నాకు మీసాలు రాని రోజుల్లో పొద్దున్నే కృష్ణ ఒడ్డున మెట్ల మీద నిలబెట్టి పాడించేవాడు. "గొంతుతో కాదురా, పొట్టలోంచి తియ్యి. పడవలో పోయేవాడు తిరిగి చూడాలి" అని పొట్ట మీద గుద్దేవాడు. ఒకరోజు నిజంగానే పడవవాడు తిరిగి చూశాడు. బావ నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. ఆ ముచ్చట గుర్తొస్తే తిట్టడానికి నోరు రాదు. అందుకే దాన్ని వీలైనంత తక్కువ గుర్తు చేసుకుంటాను.

భూస్థాపన అయిపోయాక, మమ్మల్ని ఓదార్చడానికి చర్చి హాల్లో ఆదరణ కూడిక పెట్టారు. ముందు రోజు అక్క అడిగింది. "ఆయన పాట కూడా ఉండాలిరా. నువ్వే వాయించాలి."

"వాయిస్తాను. పాడమనొద్దక్కా" అన్నాను.

ఒక్కసారి అందరి ముందు నిలబడి ఆ కేక వేస్తే చాలు, ఇన్నేళ్లూ ఎవరి గొంతు విన్నారో ఊరందరికీ తెలిసిపోతుంది. నాకు కావలసిందీ అదే. కానీ ఊరితోపాటు అక్కకూ తెలుస్తుంది. ఆ గొంతును నమ్మి వచ్చిన మనిషికి, సమాధి మీద మట్టి ఆరకముందే ఆ సంగతి ఎలా చెప్పను?

బైబిల్ వాక్యం చదివి, ప్రార్థన చేసి, పాస్టరయ్యగారు "సినిమా పాట కాదు కదా?" అని ఒకటికి రెండుసార్లు అడిగి ఒప్పుకున్నారు. నేను ఒక మూల కుర్చీ వేసుకుని వాయించడం మొదలుపెట్టాను. హాలంతా అందుకుంది. చివరికి వచ్చేసరికి అందరూ ఆగిపోయి, ముందు పూల మధ్య పెట్టిన ఆ ఫ్లెక్సీ ఫోటో వైపు చూశారు. నా వేళ్లు కూడా ఆగిపోయాయి.

ముందు వరుసలోంచి అక్క లేచి వచ్చి నా చెవి దగ్గర వంగింది.

"ఆగావేంట్రా? ఎప్పుడూ పాడేది నువ్వేగా. ఇవాళన్నా ముందుకొచ్చి పాడు."

తెలుసు. అక్కకు మొదటి నుంచీ తెలుసు. నేను లేచి ఫోటో పక్కకు వెళ్లి నిలబడ్డాను. పొట్టలోంచి తీశాను. కిటికీ అద్దాలు అదిరాయి. పాట అయ్యాక హాలంతా ఎక్కిళ్లే. సంఘ పెద్ద ఒకాయన వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ల నిండా నీళ్లు.

"అచ్చం మీ బావ గొంతేనయ్యా! ఆయనే దిగొచ్చి పాడినట్టుంది. ఎంతైనా ఆయన తయారుచేసిన మనిషివి గదా!"

చుట్టూ అందరూ తలలూపారు. అక్క చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది ఏడుపు కాదు, నవ్వు ఆపుకుంటోంది. నేను పక్కకు తిరిగి చూశాను. తెల్ల పూల మధ్యలోంచి బావ నవ్వుతూ ఇంకా మైకు చాచే ఉన్నాడు.