మిస్త్రి పుయ్యని మూడో పూత

మా మిస్త్రి పోయిండని ఆయన ఫోన్‌కే ఫోన్ చేస్తే తెలిసింది. సోమవారం వస్తనన్న మనిషి బుధవారం దాంక రాలేదు. నాకసలే నోరెక్కువ. అవతల ఎత్తంగనే, "ఏమయ్యా, గోడ సగంల ఇడిచిపెట్టి యాడ తిరుగుతున్నవ్?" అని మొదలుపెట్టిన. ఎత్తింది ఆయన బామ్మర్ది. నన్ను పూర్తిగ అననిచ్చి, నేను ఆగినంక మెల్లగ చెప్పిండు. ఆదివారం తిని పండుకున్న మనిషి తెల్లారి లేవలేదంట.

చిక్కడపల్లిల మాది రెండో అంతస్తు. అమ్మ మంచాన పడ్డప్పుడు హాల్‌ను రెండు చేసి ఆమెకొక అర్ర చేద్దామనుకున్న. ఇటుక గోడయితే స్లాబుకు బరువు, జిప్సం బోర్డు పెట్టిచ్చుకో అని ఎవరో అంబర్‌పేట్ నుంచి ఈయనను తోలిచ్చిండ్రు. ఇనుప పట్టీలు నిలబెట్టి, రెండు దిక్కుల బోర్డులు బిగించి, అతుకుల మీద టేపేసి, పుట్టీ పూసి నున్నగ చేసిండు. "అశోక్‌నగర్ల పరీక్షలకు చదివే పిల్లల హాస్టళ్లల్ల సగం గోడలు నావే అక్కా. ఒక్క రూంను నాలుగు చేసిన. దేవుడు గూడ చెయ్యలేడు," అని నవ్వేటోడు. అమ్మ ఆ అర్రల ఏడు నెలలే ఉన్నది.

తర్వాత ఇంట్ల నేనొక్కదాన్నే. అప్పటికే రిటైరైన. కూరగాయలామెతోని బేరమాడితే ఆ రోజు మాట్లాడినట్టు, లేకుంటే లేదు. ఒకసారి బీరువా జరుపుతుంటే మూల తగిలి బోర్డుకు బొక్క పడ్డది. మిస్త్రిని పిలిచిన. అరచెయ్యంత బొక్కకు నాలుగు రోజులు చేసిండు. మొదటి రోజు చుట్టూ చదరంగ కోసి, కొత్త ముక్క బిగించి, టేపేసి, పుట్టీ ఒక పూత. తెల్లారి రెండో పూత. ఆ తెల్లారి మూడోది. నాలుగో రోజు ఎమ్రీ పేపర్‌తోని రుద్ది రంగు. కూలి మాత్రం ఒక్క రోజుదే తీసుకున్నడు.

"అంతా ఒక్కసారే మందంగ పుయ్యరాదయ్యా?" అంటే, "పగులుతది. సన్నగ పుయ్యాలె, ఆరనియ్యాలె. గోడకు తొందరుండదక్కా, మనకే ఉంటది," అన్నడు.

పొద్దుగాల పదింటికి వచ్చేటోడు. రోజుకు పని పావుగంటే. ఆ తర్వాత చాయ్ తాగుకుంట గంట కూసునేటోడు. నారాయణగూడల ఏ దుకాణంల బన్ను మెత్తగుంటదో, ఆయన మోకాలు ఏ వానకు ముందుగ గుంజుతదో, భార్య ఎందుకు అలిగిందో, అన్నీ చెప్పేటోడు. నా ఆఫీసు ముచ్చట్లు మొదలుపెడితే అడ్డం రాకుండ వినేటోడు. చెప్పిందే మళ్ల చెప్తున్నానని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

ఇగ సిగ్గు ఇడిచి చెప్తున్న. ఆయన పనైపోయినంక ఇల్లు మళ్ల బోసిపోయింది. మూడు నెలలు ఓర్చుకున్న. నాలుగో నెల సుత్తె తీసుకొని గోడకు నేనే బొక్క కొట్టిన. నవ్వుకుంటే నవ్వుకోండ్రి. మిస్త్రి వచ్చి, వేలుతోని దాని అంచు తడిమి, "ఏం తగిలిందక్కా?" అన్నడు. "తలుపు," అన్న. తలుపేమో అవతలి గోడకున్నది. ఆయన ఒకసారి తలుపు దిక్కు చూసిండు, ఒకసారి నా దిక్కు చూసిండు.

"అవునక్కా, ఈ తలుపులకు జర కోపమెక్కువ," అని సంచి దించిండు.

అట్ల రెండేండ్లల్ల ఆ గోడకు ఐదు బొక్కలు పడ్డయి. మళ్ల ఎన్నడు ఏం తగిలిందని అడగలే. పని అయినంక ప్రతిసారి టార్చి పక్క నుంచి కొట్టి చూసేటోడు. "ఎదురుంగ నిలబడితే ఏ గోడైనా మంచిగనే కనిపిస్తదక్కా. పక్కకెళ్లి చూసినోనికే ఎగుడుదిగుడు తెలుస్తది," అనేటోడు. నేను ఇట్లాంటివి వినుకుంట బిస్కెట్ల డబ్బా ముంగటికి జరిపేదాన్ని, ఇంకో పది నిమిషాలు కూసుంటడని.

దినాలయినంక బామ్మర్ది వచ్చిండు, మిగిలిన పని చేసిపోతనని. ఆఖరి బొక్కకు మిస్త్రి రెండు పూతలు పూసిన జాగను చేత్తోని తడిమి, "దీనికి ఇన్ని రోజులెందుకక్కా? జల్ది గట్టిపడే పౌడరుంటది. పొద్దుగాల మొదలుపెడితే మాపటికి రంగుతోసహా అయిపోతది. బావ అందరిండ్లల్ల గట్లనే చేసేటోడు," అన్నడు.

"మా ఇంట్ల నాలుగు రోజులు చేసేటోడు గదా," అన్న.

ఆయన చేతుల బకెట్ కింద పెట్టిండు. "అయితే ఆ అక్క మీరేనా? చిక్కడపల్లి పని ఉన్నప్పుడు బావ నాలుగు రోజులు పొద్దుగాల ఇంకో పని ఒప్పుకునేటోడు కాదు. ఎందుకు బావా అంటే, 'అక్కడ నాకు కూసునే పని ఉన్నది,' అనేటోడు."

నాకు ఏడుపొచ్చింది. అమ్మ పోయిననాడు గూడ గంతగనం ఏడ్వలే. ఆయన పరేషానై, పౌడర్ కలపాలెనా వద్దా అని నిలబడ్డడు. వద్దని పంపిచ్చేసిన.

గోడ మీద అరచెయ్యంత తెల్లమచ్చ అట్లనే ఉన్నది. రెండో పూత ఎప్పుడో ఆరింది. పొద్దుగాల పది అయితే దాని ముంగట కుర్చీ ఏసుకొని కూసుంటున్న.